సాటిర్ల బొమ్మలో కథ ఎక్కడ? 18వ శతాబ్దపు ఐరోపా ఎచింగ్‌లలో పురాణ దృశ్యాలు, కాపరుల దృశ్యాలు

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీరు మ్యూజియంల సేకరణల్లో మూడు ముద్రలు చూశారు. ఒకదానిలో గ్రీకు పురాణాల్లోని మేకకాళ్ల వనవాసులు, అంటే సాటిర్లు, ఇద్దరు ఒక వనకన్యను చేతుల మీద ఎత్తుకొని ఉన్నారు. అది ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాగొనార్ 1763లో వేసినది. రెండోది మరో ఫ్రెంచి చిత్రకారుడు బూషే చిత్రాన్ని చూసి మరొకరు చెక్కినది; పట్టుబట్టలు కట్టుకున్న గొర్రెల కాపరి ఒక పడుచుకు ద్రాక్షపళ్లు తినిపిస్తున్నాడు. మూడోది స్విస్ కవి, చిత్రకారుడు సాలోమన్ గెస్నర్ వేసిన అడవి. అందులో మనుషులు వేలి గోరంత ఉన్నారు. ఇవి ఏ పురాణ కథలని ఎంత వెతికినా మీకు దొరకలేదు. అన్నిటి కింద ‘ఎచింగ్’ (రాగిరేకు మీద గీతను ఆమ్లంతో కొరికించి ముద్ర తీసే పద్ధతి) అనే మాట ఉన్నా గీత ఒకదానిలో ఉన్నట్టు మరొకదానిలో ఎందుకు లేదని అడిగారు. పాత ముద్ర ఒకటి అమ్మకానికి వచ్చిందనీ, అది అసలుదో కాదో ఎలా తెలుసుకోవాలనీ చివర అడిగారు.

కథ దొరకకపోవడం మీ లోపం కాదు. ఆ మూడింటిలో ఏదీ పురాణ కథ చెప్పడం లేదు. రెండోది మాత్రం ఒక నాటకశాల నుంచి వచ్చింది, ఆ సంగతి తరువాత చెబుతాను. 18వ శతాబ్దంలో చిత్రకారులు స్వయంగా రాగిరేకు మీద సూది పట్టి గీసిన సాటిర్లు, వనకన్యలు, కాపరులు చాలావరకు ఏ గ్రంథానికీ కట్టుబడని బొమ్మలు. కథ కావలసినప్పుడు ఆ కాలంవారికి వేరే చోటు ఉండేది. 1767 నుంచి 1771 వరకు పారిస్‌లో నాలుగు సంపుటాలుగా వెలువడిన రోమన్ కవి ఒవిడ్ పురాణ కథల కావ్యం ‘రూపాంతరాలు’ ప్రచురణలో బూషే, ఐజెన్, గ్రావెలో, మొరో వంటివారు గీసిన బొమ్మలను వృత్తి చెక్కుడుపనివారు రాగిపై దించారు. అక్కడ ప్రతి బొమ్మకూ ఒక కథ, ప్రతి కథకూ ఒక గుర్తు ఉంటాయి. తలపై జింక కొమ్ములు మొలుస్తుంటే ఆక్టియాన్, వేళ్లు ఆకులవుతుంటే డాఫ్నీ, మేకకాళ్ల దేవుడు పాన్ చేతికి అందబోతూ రెల్లుదుబ్బుగా మారుతుంటే సిరింక్స్. ఇలాంటి గుర్తు ఏదీ లేకుండా సాటిరూ వనకన్యా కేవలం ఆడుకుంటూ కనిపిస్తే, పురాణ నిఘంటువును పక్కన పెట్టి గీతను చూడటం మొదలుపెట్టవచ్చు.

ఈ బొమ్మల స్వభావం చాలావరకు పనిముట్టులోంచి పుట్టింది కాబట్టి ఆ పనిని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎన్‌గ్రేవింగ్‌లో బ్యూరిన్ అనే ఉక్కు ఉలిని అరచేతిలో ఆనించి రాగిని నేరుగా తొలుస్తూ పోతారు. వంపు తిరగాలంటే చెయ్యి తిప్పరు, తోలుదిండు మీద పెట్టిన రేకునే తిప్పుతారు. అది చేతికి లొంగడానికి ఏళ్లు పడుతుంది. ఎచింగ్‌లో మైనం, గుగ్గిలం, ఆస్ఫాల్టం కలిపి చేసిన పూతను వేడి రేకు మీద పలుచగా పట్టించి, కొవ్వొత్తి పొగతో నల్లబరచి, దాని మీద సూదితో గీస్తారు. పూత లేచిన చోట రాగి బయటపడుతుంది. ఆమ్లంలో ముంచినప్పుడు ఆ బయటపడిన గీతనే ఆమ్లం తింటుంది. అంటే లోహాన్ని తొలిచే కష్టం ఆమ్లానిది, చెయ్యి చేసేది కాగితం మీద కలం చేసే పనే. పలుచగా ఉండవలసిన గీతలు చాలు అనిపించగానే రేకును బయటకు తీసి, వాటిని వార్నిష్‌తో కప్పి, మిగిలినవాటిని మళ్లీ ఆమ్లంలో పెడతారు. అందుకే దూరపు చెట్లు వెలవెలబోతూ, దగ్గరి పొద నల్లగా, లోతుగా కనిపిస్తుంది. నేను విద్యార్థులకు ఎచింగ్ నేర్పిన రోజుల్లో నత్రికామ్లంలో గీతల వెంట లేచే బుడగలను కోడి ఈకతో తుడవమని చెప్పినప్పుడు వారు నవ్వేవారు. తుడవకపోతే బుడగ కూర్చున్న చోట ఆమ్లం సమంగా తినదని తమ మొదటి రేకు పాడయ్యాక ఒప్పుకొనేవారు.

ఈ సులువు వల్ల రెండు జరిగాయి. ఒకటి, చెక్కుడుపని నేర్వని చిత్రకారుడు కూడా నేరుగా రాగి మీద గీయగలిగాడు. రెండు, ధనికులూ కులీనులూ కూడా సరదాగా సూది పట్టారు. అబ్రహాం బాస్ 1645లో రాసిన ఎచింగ్ పాఠ్యగ్రంథాన్ని కోషన్ 1745లో సవరించి, పెంచి ప్రచురించడంలోనే ఆ ఆసక్తి కనిపిస్తుంది. కేలూస్ ప్రభువు, పన్ను వసూళ్ల అధికారి వాట్‌లే, అబే ద సాన్-నోన్ వంటివారు తమ చేతులతో రేకులు గీశారు. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ కూడా రత్నాలు చెక్కే జాక్ గే పనితనాన్ని, బూషే గీసి ఇచ్చిన బొమ్మల ఆధారంగా, రాగి మీద దించింది. వీరి మధ్య తిరిగిన ముద్రలు గోడకు తగిలించేవి కావు. అట్టల మధ్య భద్రపరిచి, స్నేహితులు వచ్చినప్పుడు బల్ల మీద పరిచి, చేతిలోకి తీసుకొని దగ్గరగా చూసేవి. అలాంటి చిన్న కాగితానికి చక్రవర్తుల విజయగాథ బరువవుతుంది. పొదచాటున ఆడుకునే సాటిర్ సరిగ్గా సరిపోతాడు.

ఇప్పుడు ఫ్రాగొనార్ దగ్గరికి వస్తాను. అతడు 1756 నుంచి 1761 వరకు ఇటలీలో ఉన్నాడు. 1760 వేసవిలో తివోలిలోని విల్లా దెస్తేలో సాన్-నోన్ అతిథిగా గడిపి, ఆ తోటలను ఎర్ర సుద్దతో గీశాడు. మరుసటి ఏడాది వారిద్దరూ దారిపొడవునా చిత్రాలు, శిల్పాలు చూస్తూ పారిస్‌కు తిరిగి వచ్చారు. హెర్క్యులేనియంలో తవ్వకాలు 1738లోనే మొదలయ్యాయి. అక్కడ దొరికినవాటి బొమ్మలతో నేపుల్స్ రాజాస్థానం ముద్రించిన పెద్ద గ్రంథంలో మొదటి సంపుటం 1757లో వెలువడింది. ఐరోపా అంతా పాత రోమన్ ఫలకాల మీద మాట్లాడుకుంటున్న ఆ రోజుల్లో, 1763లో, ఫ్రాగొనార్ నాలుగు చిన్న రేకులు గీశాడు. మీరు చూసినది వాటిలో ఒకటి. వాటిని ‘సాటిర్ల ఆటలు’ అని పిలుస్తారు. ఒక్కొక్కటి సుమారు 14 సెంటీమీటర్ల ఎత్తు, 21 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది.

మీరు పంపిన బొమ్మను మరోసారి పెద్దదిగా చేసి చూడండి. సాటిర్లు నేల మీద నిలబడి లేరు. వారు ఒక పాత రాతి ఫలకం మీద చెక్కిన ఉబ్బెత్తు శిల్పం. ఆ ఫలకాన్ని ఎవరో తోటలో వదిలేసినట్టు చుట్టూ రెల్లు, తీగలు, పొదలు కమ్ముకొని ఉన్నాయి. అయినా రాతిబొమ్మలకు ఉండవలసిన బిగువు ఆ దేహాలలో లేదు. వనకన్య నవ్వుతున్నట్టే ఉంది, సాటిర్ల కండలు కదులుతున్నట్టే ఉన్నాయి. రాయికీ ఆకుకూ దేహానికీ ఫ్రాగొనార్ వాడినది ఒకే రకపు గీత: పొట్టిగా, వణుకుతూ, ఎక్కడికక్కడ తెగి మళ్లీ మొదలయ్యే గీత. ఏది ప్రాణమున్నదో ఏది లేనిదో గీత చెప్పదు. నా దృష్టిలో ఈ నాలుగు రేకుల విషయమంతా ఆ చిలిపితనమే. ఫలకం మీద జరుగుతున్నది ఏ పురాణ ఘట్టమని అడిగితే ఆ చిలిపితనం చేజారిపోతుంది. పురాతత్వవేత్త కొలతలు వేసి నకలు తీసే ఫలకాన్నే ఇతడు ఆటవస్తువుగా చేసుకున్నాడు. నాలుగింటిలో ఒకటి సాటిర్ కుటుంబం. పిల్లలతో ఆడుకునే మేకకాళ్ల కుటుంబాన్ని డ్యూరర్ 1505లోనే చెక్కాడు కాబట్టి ఆ ఊహ కొత్తదేమీ కాదు, కానీ డ్యూరర్ బ్యూరిన్‌కు ఉన్న గాంభీర్యం ఇక్కడ వెతికినా దొరకదు.

నేను చెబుతున్న దానికి ఇంకా బలమైన సాక్ష్యం వెనిస్‌కు చెందిన జొవాన్ని బాటిస్టా త్యెపొలో. ఒకే మనిషి పురాణాన్ని రెండు రకాలుగా వాడటం ఇతనిలో చూడవచ్చు. 1752, 53లలో వ్యూర్ట్స్‌బుర్గ్ ప్రాసాదపు మెట్లదారి పైకప్పు మీద అతడు అపొలోను, నాలుగు ఖండాలను చిత్రించాడు. అక్కడ అపొలోకు ఒక ఉద్యోగం ఉంది: ఆ ప్రాసాదానికి యజమాని అయిన బిషప్ ప్రభువు కీర్తిని లోకమంతా ప్రసరింపజేయడం. ఆ ప్రభువు ముఖచిత్రం కూడా ఆ ఆకాశంలోనే తేలుతూ కనిపిస్తుంది. అదే త్యెపొలో రాగి మీద గీసుకున్న ‘కప్రిచ్చి’ అనే పది చిన్న రేకులు, ‘స్కెర్జి’ అనే ఇరవై మూడు రేకులు చూడండి. గడ్డాల ముసలివారు, తలపాగాల మాంత్రికులు, పాములు, గుడ్లగూబలు, పగిలిన ఫలకాలు, కపాలాలు, వాటి మధ్య పిల్లలతో కూర్చున్న ఆడ సాటిర్. అందరూ ఒకే వైపు ఏదో చూస్తూ ఉంటారు. వారు ఏమి చూస్తున్నారో మనకు చూపించడు. ఎవరి కీర్తీ లేదు, ఎవరి కథా లేదు. పండితులు రెండు శతాబ్దాలుగా వీటికి అర్థం చెప్పే ప్రయత్నం చేస్తూనే ఉన్నారు, ఒక్కటీ అందరినీ ఒప్పించలేదు.

కప్రిచ్చిని జనెట్టి అనే సేకర్త 1743లో తన చెక్క అచ్చుల సంపుటంలో చేర్చాడు. స్కెర్జి మాత్రం త్యెపొలో 1770లో మాడ్రిడ్‌లో చనిపోయిన తరువాత, కొడుకు జాండొమేనికో చేతిమీదుగా లోకంలోకి వచ్చాయి. బతికి ఉన్నంతకాలం ఆ మహా చిత్రకారుడు వీటిని అమ్మకానికి పెట్టే తొందరే పడలేదంటే, అవి ఎవరి కోసం గీసుకున్నాడో ఊహించవచ్చు. గీత విషయానికి వస్తే, త్యెపొలో అడ్డుగీతల వలను దాదాపు వదిలేశాడు. ఒకే వైపు సాగే పొట్టి గీతలు, మధ్యలో ఖాళీ కాగితం, అంతే. వెనిస్ మధ్యాహ్నపు ఎండ కళ్లను చిట్లించేలా చేయడానికి ఆ ఖాళీ కాగితమే చాలు. వీటికి పునాది ఒక శతాబ్దం ముందే పడింది. జెనోవాకు చెందిన కస్టిల్యోనే సమాధుల మధ్య సాటిర్లను, మందలను గీశాడు. సాల్వతోర్ రోసా రాళ్ల మధ్య సైనికులను గీశాడు. త్యెపొలో ఆ ఇద్దరినీ బాగా చూసినవాడు.

ఇక కాపరుల సంగతి. ఇక్కడ తెలుగు పాఠకులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పిల్లనగ్రోవి, ఆలమంద, పొదరిల్లు కనిపించగానే మన మనసు వ్రేపల్లెకు పోతుంది. వ్రేపల్లెలో మంద కాసేవాడు స్వయంగా దేవుడు కాబట్టి ఆ ఆటలోని ప్రతి చర్యకూ పరమార్థం ఉంటుంది. ఐరోపా కవుల ఊహాపల్లె అయిన ఆర్కేడియాలోని కాపరి అటువంటివాడు కాడు. గ్రీకు కవి థియోక్రిటస్, అతని వెనుక రోమన్ కవి వర్జిల్ మలచిన ఆ కాపరి నగరంలో కూర్చున్నవారు పల్లెను తలచుకొని కల్పించుకున్న మనిషి. అతని చేతిలో కర్ర ఉన్నా అతడు గొర్రెల వెంట నడవడు, పాట పాడతాడు.

మీ రెండో ముద్రలోని ద్రాక్షపళ్ల జంట ఆ కల్పనకు రంగస్థలం మీద దొరికిన రూపం. 1745లో పారిస్‌లో నాటకకర్త ఫావార్ ప్రదర్శింపజేసిన ఒక మూకాభినయంలో చిన్న కాపరి, లిజెత్ అనే పడుచు ద్రాక్షపళ్లు తినిపించుకునే ఘట్టం ఉండేది. దాన్ని బూషే చిత్రంగా వేశాడు. దాన్ని చూసి చెక్కుడుపనివారు ముద్రలు తీశారు, పింగాణీ బొమ్మలు కూడా చేశారు. కాబట్టి కాపరి కాళ్లకు పట్టు రిబ్బన్లు ఎందుకున్నాయని ఆశ్చర్యపడవద్దు. అతడు పొలం నుంచి కాక వేదిక మీద నుంచి దిగివచ్చాడు.

ఆ ముద్రలో గీత వేరుగా ఉండటానికి కారణం కూడా అక్కడే ఉంది. చిత్రాన్ని నకలు తీసే వృత్తిపనివారు మొదట రూపురేఖలను, చెట్లను, నేలను ఎచింగ్‌తో తేలికగా కొరికించి, ఆ తరువాత చర్మాన్ని, పట్టుబట్టను బ్యూరిన్‌తో క్రమబద్ధంగా పూర్తిచేసేవారు. బూషే స్వయంగా 1734లో ‘ఆండ్రోమెడ’ అనే రేకును ఎచింగ్‌లో గీస్తే, దాన్ని బ్యూరిన్‌తో ముగించినవాడు ఆవ్‌లీన్. బూషేకు సూది బాగా అలవాటైన పనిముట్టు. యువకుడిగా ఉన్నప్పుడు అతడు, అప్పటికే చనిపోయిన చిత్రకారుడు వాటో గీసిన రేఖాచిత్రాలను జాన్ ద జూలియెన్ ప్రచురణ కోసం వందకు పైగా రేకుల మీద దించాడు. రోజుకు ఇరవై నాలుగు లీవ్ర్‌లు ఇచ్చేవారని, బూషే చేతి వేగం వల్ల ఇద్దరికీ అది గిట్టుబాటుగానే ఉండేదని సమకాలికుడైన మారియెట్ రాసిపెట్టాడు. వాటో సుద్దగీతలోని చురుకును ఆ రేకుల్లో చూసినవారికి, తరువాతి కాలపు నున్నని బూషే ముద్రలు కొంచెం చప్పగా అనిపిస్తాయి. నాకైతే అలాగే అనిపిస్తాయి.

నిజమైన మేకలను చూడాలంటే మిలాన్‌కు చెందిన ఫ్రాంచెస్కో లొండోనియో ముద్రలు వెతకండి. నీలి కాగితం మీద అచ్చువేసి తెల్లరంగుతో మెరుపు దిద్దిన అతని గొర్రెలకు బురద అంటుకొని ఉంటుంది; కాపరులు నిద్రపోతూ ఉంటారు. సాటిర్లు లేరు, పాటలు లేవు.

మూడోవాడు గెస్నర్. ఇతని గురించి తెలుగులో పెద్దగా రాసినవారు లేరు కాబట్టి కాస్త ఎక్కువగా రాస్తాను. 1730లో జూరిక్‌లో పుట్టిన ఇతడు మొదట కవి. 1756లో వచ్చిన ఇతని గద్యకావ్యాల సంపుటి ‘ఇడిల్స్’ను 1762లో హ్యూబర్ ఫ్రెంచిలోకి అనువదించాక ఇతని పేరు ఐరోపా అంతా మోగింది. 1761లో పెళ్లయ్యాక మామగారైన హైడెగర్ ఇంట ఉన్న ముద్రల సేకరణ ఇతనికి అందుబాటులోకి వచ్చింది. ముప్పై ఏళ్లు దాటిన కవి అక్కడ కూర్చొని చిత్రకళ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ అనుభవాన్ని 1770లో భూదృశ్య చిత్రణ గురించి రాసిన ఒక లేఖలో దాపరికం లేకుండా చెప్పాడు. మొదట నేరుగా ప్రకృతిని చూసి గీయబోయాడట. ఒక్కో ఆకు, ఒక్కో బెరడు చీలిక వెంట పడి మొత్తం చెట్టును పోగొట్టుకున్నాడట. అప్పుడు పాత గురువుల ముద్రలను పట్టుకున్నాడు: చెట్ల కోసం డచ్ చిత్రకారుడు వాటర్లో, రాళ్ల కోసం మరో డచ్ చిత్రకారుడు బెర్కెమ్, సాల్వతోర్ రోసా, గడ్డివాలుల కోసం, మెత్తని దూరాల కోసం క్లోద్ లొరాన్. ప్రకృతిలో దేన్ని వదిలేయాలో వారి దగ్గర తెలుసుకున్న తరువాతే తిరిగి అడవికి వెళ్లాడు. నేను విద్యార్థులకు ఈ లేఖలోని సంగతే పదేపదే చెప్పేవాణ్ని, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లోనూ మర్రిచెట్టు ముందు కూర్చొని సాయంత్రానికి ఒక్క ఊడ మాత్రమే గీసుకొచ్చే కుర్రవాడు ఒకడు ఉండేవాడు.

1764లో గెస్నర్ పది భూదృశ్యాల ఎచింగ్‌లు ప్రచురించి వాట్‌లేకు అంకితమిచ్చాడు. తన పుస్తకాలకు బొమ్మలు తానే గీసి, తాను భాగస్వామిగా ఉన్న ముద్రణశాలలోనే అచ్చువేయించాడు. కవి, చిత్రకారుడు, ప్రచురణకర్త ఒకడే కావడం వల్ల ఇతని రేకులను చదివే పద్ధతి కూడా మారుతుంది. మనుషులు అంత చిన్నగా ఎందుకున్నారని మీరు అడిగారు కదా. అతని కవితల్లో కూడా జరిగేది చాలా తక్కువ: ఎవరో ఊట దగ్గర ఆగుతారు, ఎవరో నైవేద్యం పెడతారు, ఎవరో పాత సమాధి మీది అక్షరాలు చదువుతారు. నీడ, నీటి చప్పుడు, గుహ ముఖం, వాటి మీద నాచు, ఇవే అసలు పాత్రలు. వనకన్య ఆ చోటు మనం రోజూ నడిచే అడవి కాదని చెప్పే గుర్తు మాత్రమే. ఆమెను తుడిచివేస్తే మిగిలేది జూరిక్ పరిసరాల్లోని లోయ. విచిత్రమేమిటంటే ఆర్కేడియాను ఇంతగా కలగన్న ఈ మనిషి 1780లో ఒక వార్తాపత్రికను స్థాపించినవారిలో ఒకడు, మరుసటి ఏడాది నుంచి నగరానికి చెందిన సీల్ అడవికి అధికారి కూడా. నరికిన కట్టె లెక్కలు చూస్తూనే వనకన్యలను గీశాడు.

గెస్నర్ 1788లో పోయాక అతని రంగు చిత్రాలను ఎచింగ్‌లుగా దించడానికి జూరిక్‌కు పిలిపించిన మనిషి కార్ల్ విల్హెల్మ్ కోల్బె. ఇతడు జర్మనీలోని డెస్సౌలో ఫ్రెంచి పంతులు, జర్మన్ భాషలోకి చొరబడిన పరాయి మాటలపై కత్తి కట్టినవాడు, ముప్పై దాటాక చిత్రకళలోకి వచ్చినవాడు. ఓక్ చెట్ల మీద మోజు వల్ల ‘ఓక్ కోల్బె’ అనే పేరు తెచ్చుకున్నాడు. 1801లో ఇతడు గీసిన ‘నేనూ ఆర్కేడియాలో ఉన్నాను’ అనే రేకును మీరు తప్పక చూడాలి. ఒక జంట సమాధి ముందు నిలబడి ఉంది. కానీ వారి చుట్టూ లేచిన ఆకులు, చెరువుగట్టున పెరిగే మామూలు కలుపు మొక్కలే, మనుషులను మించిపోయాయి. ఫ్రాగొనార్ ఫలకం చుట్టూ అలంకారంగా ఉన్న రెల్లు ఇక్కడికి వచ్చేసరికి బొమ్మనంతా ఆక్రమించింది. పురాణం నలభై ఏళ్లలో ఆకుల కిందికి జారిపోయింది.

మీ చివరి ప్రశ్నకు ఫోటో చూసి పూర్తి సమాధానం చెప్పలేను, కానీ మీరే చేయగలిగిన పరీక్షలు ఉన్నాయి. బొమ్మ కింది అంచులో లాటిన్ మాటలు చదవండి: పిన్క్సిట్ అంటే చిత్రం వేసినవాడు, ఇన్వెనిట్ అంటే ఊహించినవాడు, స్కల్ప్‌సిట్ అంటే రేకు చెక్కినవాడు, ఎక్స్‌కుడిట్ అంటే ప్రచురించినవాడు. ఒకే పేరు పక్కన ఫెకిట్ అని ఉంటే చిత్రకారుడే స్వయంగా గీసి ఉండవచ్చు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో గీత చివరను చూడండి: సూదిగా సన్నబడి ముగిస్తే బ్యూరిన్, మొండిగా ఆగితే ఎచింగ్, గీతకు బదులు చుక్కల వల కనిపిస్తే ఆధునిక ఆఫ్‌సెట్ ముద్రణ. బొమ్మ చుట్టూ రాగిరేకు అంచు కాగితంలోకి నొక్కిన గుర్తు ఉందా, వేలితో తడిమితే సిరా కొద్దిగా ఉబ్బి తగులుతుందా చూడండి. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని సమాంతర రేఖలు, వాటికి అడ్డంగా దూరదూరంగా మరికొన్ని రేఖలు కనిపించాలి. ఆ శతాబ్దపు ముద్రలు చాలావరకు అటువంటి కాగితం మీదే ఉన్నాయి. ఇవన్నీ సరిపోయినా అది 19వ శతాబ్దంలో పాత రేకు నుంచి మళ్లీ తీసిన ప్రతి కావచ్చు. అప్పుడు పలుచని గీతలు అరిగిపోయి, దూరపు కొండలు దాదాపు మాయమై ఉంటాయి. డబ్బు చెల్లించకముందు కింది అంచును, కాగితం వెనుక వైపును దగ్గరగా ఫోటో తీసి పంపండి, చూసి చెబుతాను.